మాత్ర మానేస్తేనే విశ్వాసమా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది పరకాల దగ్గర పల్లె. మా ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ పనికి పోతాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మా బాబు. బాబుకు 15 ఏళ్లు, పదో తరగతి. పదకొండో ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వేస్తున్నాం. పోయిన ఏడాది మొత్తంలో రెండుసార్లే వచ్చాయి.

మా సంఘంలో ఉపవాస ప్రార్థన నడిపించే అక్క ఒకరున్నారు. "ప్రభువు 39 దెబ్బలు తిన్నది 39 రకాల రోగాలకు. ఇంకా మాత్రలు వేస్తున్నావంటే ఆ దెబ్బలను నమ్మనట్టే" అన్నారు. నేను మాత్రలు ఆపేశాను. ఐదు రోజులు ఏమీ కాలేదు. ఆదివారం నిలబడి నా కొడుకు బాగయ్యాడని సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎనిమిదో రోజు ఆల్ నైట్ ప్రేయర్‌కు బాబును కూడా తీసుకుపోయాను. తెల్లారి ఇంటికొచ్చి స్నానానికి పోయి నీళ్ల గాబు మీద పడ్డాడు. కనుబొమ్మ పగిలి ఏడు కుట్లు పడ్డాయి. ఆటోలో మళ్లీ మళ్లీ ఫిట్స్ వచ్చాయి. అత్తమ్మే వాడి తల ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. డాక్టర్ నన్ను బాగా తిట్టి మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు.

అత్తమ్మ యేసును నమ్మదు. మతం మారినందుకే ఐలోని మల్లన్నకు, అంటే ఐనవోలు దేవుడికి, కోపం వచ్చిందంటుంది. ఆ అక్క మాత్రం చూడటానికి రాలేదు. "నీ విశ్వాసంలో ఎక్కడో సందు ఉంది" అని కబురు పంపారు. బాబు ఆసుపత్రిలోనే అడిగాడు, "అమ్మా, నేను సరిగ్గా నమ్మలేదా?" అని. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆయన దెబ్బల వల్ల స్వస్థత అన్నది నిజమైతే నా కొడుక్కెందుకు రాలేదు? నేను చేసింది పాపమా? క్రీస్తులా ఆ అక్కను క్షమించాలని తెలుసు, కానీ ఆమెను తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. గుడికి పోక ఆరు వారాలైంది.

సమాధానం:

బిడ్డా, ఇలా రాసేటప్పుడు అందరినీ మీరు అనే అంటాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట నోట రాలేదు.

ముందు మాత్రల సంగతి. వాక్యం తర్వాత మాట్లాడుకుందాం. నేను పాస్టర్ భార్యనే అయినా అంతకంటే ముందు నర్సును. 31 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. మాత్రలు ఉన్నట్టుండి ఆపి, ఒకదాని వెనక ఒకటి ఫిట్స్‌తో స్ట్రెచర్ మీద వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. అందరూ ఇంటికి పోలేదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నీ కొడుకు ఇంటికొచ్చాడు చూడు, నీ కథలో మొదటి స్తోత్రం అక్కడ చెప్పాలి.

ఐదు రోజులు ఏమీ కాలేదు కాబట్టే బాగైందనుకున్నావు. మాత్ర ఆపిన మర్నాడే ఫిట్స్ రావాలని ఏమీ లేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే పిల్లవాడికి ఐదు రోజులు రాకపోవడం మామూలే. పైగా ఆ ఏడాదంతా రెండుసార్లతో ఆగిందంటే మాత్రలు వాటి పని అవి చేస్తున్నట్టు. ఇక ఎనిమిదో రోజు రాత్రంతా నిద్ర లేదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు నిద్ర చెడటం చాలా చెడ్డది, ఏ డాక్టరైనా ఇదే చెబుతాడు. అటు మాత్ర లేదు, ఇటు నిద్ర లేదు. తెల్లారి పడిపోవడానికి అంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు, మల్లన్న కోపం కాదు, నీ విశ్వాసంలో సందూ కాదు.

కాబట్టి ఇకనుంచి ఆల్ నైట్ ప్రేయర్లకు బాబును తీసుకుపోవద్దు. ఉపవాసం కూడా నువ్వు ఉండు, వాణ్ని ఉంచకు. వాడు బావి దగ్గరికి, చెరువు ఈతకు ఒంటరిగా పోకూడదు. బండి నడపడం మాట డాక్టర్ చెప్పేదాకా ఎత్తొద్దు. స్నానాల గదికి లోపల గడియ పెట్టనివ్వకు. మళ్లీ ఎప్పుడైనా వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చొక్కా గుండీలు వదులు చేయండి, చుట్టూ గట్టి వస్తువులుంటే తీసేయండి. చేతిలో ఇనుము పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం ఏవీ వద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇది మీ అత్తమ్మకు కూడా నేర్పు. నువ్వు కూలికో మీటింగుకో పోయినప్పుడు ఇంట్లో ఉండేది ఆమే.

ఇంకో మాట. ఇది జీవితాంతం ఉంటుందని ఎవరూ తేల్చి చెప్పలేదు కదా. సరైన మందులు వాడితే ఫిట్స్ ఉన్న ప్రతి 10 మందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. రెండేళ్లో, ఇంకా ఎక్కువో ఫిట్స్ రాకుండా గడిస్తే డాక్టర్లే చూసి మెల్లమెల్లగా తగ్గిస్తారు. మందు ఆపే రోజు రావచ్చు. ఆ రోజు ఎప్పుడో డాక్టర్ చెబుతాడు, ఉపవాస ప్రార్థనలో ఎవరూ చెప్పలేరు.

సరే, ఇప్పుడు ఆ 39 దెబ్బలు.

ఈ మాట నేను కూడా సభల్లో ఎన్నోసార్లు విన్నాను. చిన్నప్పుడు నిజమే అనుకున్నాను. తర్వాత మా ఆయన, అంటే మా అయ్యగారు, "ఏ సువార్తలో ఉందో చూపించు" అన్నారు. నాలుగు సువార్తలూ వెతికాను, లేదు. యేసును కొరడాలతో కొట్టించారని ఉంది, ఎన్ని దెబ్బలో లేదు. 39 అన్న లెక్క పౌలుది. యూదుల చేత ఐదుసార్లు "ఒకటి తక్కువ నలువది" దెబ్బలు తిన్నానని 2 కొరింథీయులకు 11వ అధ్యాయంలో రాసుకున్నాడు. నలభై దాటకూడదని ద్వితీయోపదేశకాండంలో హద్దు ఉంది కాబట్టి, లెక్క తప్పుతుందేమోనని ఒకటి తగ్గించి కొట్టేవాళ్లు. యేసును కొట్టింది రోమా అధిపతి పిలాతు సైనికులు. రోమావాళ్లకు ఆ ధర్మశాస్త్రం ఏమిటి, ఆ హద్దు ఏమిటి? ఎన్ని పడ్డాయో లెక్కపెట్టినవాళ్లు లేరు. ఇక లోకంలో రోగాలు 39 రకాలే అన్నది ఎవరు కనిపెట్టారో నాకైతే తెలియదు. నర్సింగ్ చదివేటప్పుడు మాకిచ్చిన పుస్తకం చాలా లావుగా ఉండేది.

అక్క అబద్ధమాడిందని అనను. ఆమెకు ఎవరో చెప్పారు, వాళ్లకు ఇంకెవరో చెప్పారు. కానీ దాని మీద ఒక పిల్లవాడి మాత్రలు ఆపారు చూడు, అక్కడే వచ్చింది తంటా.

యెషయా 53లో "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అని ఉంది. ఆ మాట నిజం. దాని మీద నా జీవితమంతా ఆనుకుని ఉంది. మత్తయి 8వ అధ్యాయం ఆ పక్క వచనాన్నే తీసుకుని యేసు రోగులను బాగుచేయడానికి ముడిపెట్టింది. కాబట్టి దీన్ని ఆత్మకు మాత్రమే, ఒంటికి కాదు అని నేను తోసేయను. ప్రార్థనతో బాగైనవాళ్లను నేను చూశాను. డాక్టర్లు ఆశ వదులుకున్నవాళ్లు లేచి నడిచివెళ్లడం చూశాను. అందరికీ ఇప్పుడే, అడగ్గానే, మందు మానేస్తేనే అన్నది మాత్రం ఆ వచనంలో లేదు. అది మనం అంటించినది.

ఆ వచనాన్నే పేతురు మళ్లీ ఎత్తుకుంటాడు. "ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి." అది ఎవరికి రాశాడో పైన ఆరు వచనాలు ముందు నుంచి చదువు. 1 పేతురు 2, 18వ వచనం నుంచి. ఇళ్లలో బానిసలుగా పనిచేసేవాళ్లకు రాశాడు. యజమానులు ముక్కోపులైతే అన్యాయంగా దెబ్బలు తినేవాళ్లు వాళ్లు. వాళ్ల వీపుల మీద వాతలు ఉండే ఉంటాయి. గాయం అన్న మాట వాళ్లకు పాటలో చరణం కాదు, ఇంట్లో రోజూ జరిగేది. అలాంటివాళ్లకు పేతురు చెప్పిందేమిటి? నీ ప్రభువు కూడా కొరడా దెబ్బలు తిన్నవాడే. నీ వీపు చూసి సిగ్గుపడే దేవుడు కాదు, నీలాంటి వీపు ఉన్న దేవుడు. ఆయన మన పాపాలను మోసింది "నీతివిషయమై జీవించునట్లు" అని అదే వచనం. వాళ్ల వీపుల మీద వాతలు మాయమవుతాయని పేతురు మాటివ్వలేదు. (ఈ అధ్యాయాన్నే పట్టుకుని, తాగొచ్చి కొట్టే మొగుణ్ని భరించమని ఆడవాళ్లకు చెప్పేవాళ్లున్నారు. ఆ సంగతి ఇంకో ఉత్తరానికి ఉంచుతాను, నాకు చెప్పడానికి చాలా ఉంది.)

నీ బాబులాంటి పిల్లవాడే సువార్తలో ఉన్నాడు. మార్కు 9వ అధ్యాయం. మత్తయి 17లో అదే సంగతి. ఆ తండ్రి "చాంద్రరోగి" అంటాడు, అంటే ఫిట్స్ ఉన్నవాడని, అగ్నిలోనూ నీళ్లలోనూ పడుతున్నాడంటాడు. నీళ్ల గాబు చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఇక్కడ చాలామంది దయ్యం మాట పట్టుకుని, ఫిట్స్ అంటే దయ్యమే అనేస్తారు. ఆ పిల్లవాడి విషయంలో ప్రభువు దయ్యాన్ని గద్దించాడు, కాదనను. అయితే అదే మత్తయి 4:24లో దయ్యం పట్టినవాళ్లను ఒక వరుసలో, చాంద్రరోగులను ఇంకో వరుసలో విడివిడిగా రాశాడు. రెండూ ఒకటే అనుకుని ఉంటే రెండుసార్లు ఎందుకు రాస్తాడు?

ఆ కథలో నేను ఎప్పుడూ ఆగే చోటు వేరే. ఆ తండ్రి ముందు శిష్యుల దగ్గరికి పోయాడు. వాళ్లు బాగుచేయాలని చూశారు, కాలేదు. యేసు వచ్చాక ఆ తండ్రిని ఏమడిగాడు? "ఇది ఎంత కాలం నుంచి ఉంది?" అని అడిగాడు. ఓపీలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న. తండ్రి "చిన్నప్పటి నుంచి" అన్నాడు. ఆ తర్వాత కన్నీళ్లతో "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం. ప్రభువు అతణ్ని వెనక్కి పంపలేదు, "ముందు విశ్వాసం నింపుకుని రా" అనలేదు. పిల్లవాణ్ని ఏమీ అనలేదు. తర్వాత ఇంట్లో, మాకెందుకు కాలేదని అడిగితే ఎవరిది అల్పవిశ్వాసమన్నాడు? బాగుచేయబోయిన శిష్యులది. విశ్వాసంలో సందు వెతకాలంటే వేదం ఎక్కడ వెతికిందో చూశావు కదా, బాగుచేయబోయినవాళ్ల దగ్గర. నీ దగ్గరికి కబురు తప్పు చిరునామాకు వచ్చింది బిడ్డా.

మందు మానడమే విశ్వాసం అనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటి ఉంది. అపవాది యేసును యెరూషలేముకు తీసుకుపోయి దేవాలయ శిఖరం మీద నిలబెట్టి "కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు" అన్నాడు. ఊరికే అనలేదు, 91వ కీర్తన చూపించి మరీ అన్నాడు. వచనం నిజమే. అయినా యేసు దూకలేదు. మెట్లుండగా దూకడం విశ్వాసం కాదు, దేవుణ్ని శోధించడం. మాత్ర ఉండగా మానేయడం కూడా ఆ శిఖరం మీద నిలబడటమే. ఎవరో వెనక నుంచి వచనం చెబుతున్నారు, నువ్వు దూకావు. దూకినా దేవుడు నీ కొడుకును పట్టుకున్నాడు. అత్తమ్మ ఒడితో పట్టుకున్నాడు, డాక్టర్ సూదితో పట్టుకున్నాడు.

పౌలు ఎంతమందిని బాగుచేశాడో అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. ఆ పౌలే త్రోఫిము రోగియై ఉండగా అతణ్ని మిలేతులో వదిలేసి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు, ఆ కాలంలో అది మందే. తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. లూకా వైద్యుడు, ప్రియమైన వైద్యుడు అని పౌలే పిలిచాడు. వీళ్లందరి విశ్వాసంలోనూ సందులున్నాయా?

అంతదూరం ఎందుకు, మన నిజామాబాద్ వైపు డిచ్‌పల్లి ఉంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి నిలబెట్టింది. దానికి పెద్ద మొత్తం డబ్బిచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. యేసు కుష్ఠరోగిని చేయిచాపి ముట్టాడని ఆమె చదివింది, నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, ఆ రోజుల్లో ఉన్న మందు, ఒక రకం గింజల నూనె, ఇంజెక్షన్లుగా ఇప్పించింది. రోగుల చేత మందు మాన్పించి దెబ్బలను నమ్మమనలేదు. అటు పాటలూ ఉన్నాయి, ఇటు సూదీ ఉంది. మన ప్రాంతంలో సంఘాలు వేళ్లూనింది ఇలాంటి ఆసుపత్రుల పక్కనే. ఈ మధ్య కొందరికి ఆ సంగతి గుర్తులేదనిపిస్తుంది.

నా సంగతి కూడా చెబుతాను, చెప్పకపోతే నువ్వు ఈమెకేం తెలుసు అనుకుంటావు. మా అయ్యగారు క్యాన్సర్‌తో పోయారు. పద్నాలుగు నెలలు. ఊరంతా ప్రార్థించింది. ఆయన మాత్ర అరచేతిలో పెట్టుకుని "స్తోత్రం ప్రభువా" అని మింగేవారు, అన్నానికి ముందు ప్రార్థన చేసినట్టే. ఆయన పోయిన మూడో రోజు, చుట్టపు చూపుగా వచ్చిన ఒకాయన, పెద్ద ప్రసంగీకుడే, "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుంది" అన్నాడు. నేను వంటింట్లో చాయ్ పోస్తున్నాను. ఆ గిన్నె ఆయన నెత్తిన పోయాలనిపించింది. పోయలేదు, కానీ ఏడాది పాటు ఆయన గొంతు రేడియోలో వస్తే కట్టేసేదాన్ని. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరి పాపం అని అడిగిన శిష్యులతో యేసు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని తేల్చేశాడు. యోహాను 9. ఆ వచనం ఆ ప్రసంగీకుడికి తెలియదా? తెలుసు. నోటికి వచ్చు కూడా.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, నేను చేసింది పాపమా అని. కాదు కాదు అని నీ వీపు నిమిరి పంపడం తేలిక. కానీ నువ్వు అడిగింది సూటిగా. నువ్వు తప్పు చేశావు. డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపావు. ఆ తప్పు ప్రేమతో చేశావు, మోసపోయి చేశావు, అయినా తప్పే. నాకు తెలిసి నీకు కూడా ఆ సంగతి తెలుసు, అందుకే నిద్ర రావడం లేదు. తప్పు లేదని చెప్పేవాళ్లు నీకు నిద్ర తెప్పించలేరు, క్షమించేవాడు కావాలి.

గాయాల చేత స్వస్థత అని రాసిన పేతురు ఎవరో మళ్లీ ఆలోచించు. యేసును ప్రధాన యాజకుడి ఇంట్లో పట్టి ఉంచిన రాత్రి, పేతురు ఆ వాకిట్లో నిప్పుల దగ్గర చలి కాచుకుంటున్నాడు. మూడుసార్లు ఆయనెవరో తెలియదన్నాడు. ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడని, పేతురు బయటికి పోయి ఏడ్చాడని లూకా రాస్తాడు. ఆ వెంటనే వచ్చే వాక్యమే ఆయనను ఎగతాళి చేసి కొట్టడం. అంటే తన ప్రభువు మీద దెబ్బలు పడుతున్న రాత్రి పేతురు బయట ఏడుస్తున్నాడు, తన వంతు పాపంతో. తర్వాత గలిలయ సముద్రం ఒడ్డున ప్రభువు మళ్లీ నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, అప్పుడు మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ముందు తిండి పెట్టాడు చూడు. ముసలితనంలో పేతురు "ఆయన గాయములచేత" అని రాసేటప్పుడు ఏ స్వస్థతను తలుచుకుని ఉంటాడు? అతని ఒంటికి రోగం ఉన్నట్టు వేదంలో ఎక్కడా లేదు. ఆ రాత్రి గాయమే ఉంది.

నీకూ అదే ఉంది ఇప్పుడు. నీ కొడుకు కనుబొమ్మ కుట్లు ఎండిపోయి ఉంటాయి. నీవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దెబ్బల వల్ల స్వస్థత నీ ఇంటికి రాలేదనుకుంటున్నావు. వస్తే ముందు ఎక్కడికి రావాలో ఆ చోటు నువ్వు మూసిపెట్టుకున్నావు. ఈ ఒక్కటి చెయ్యి. రాత్రి అందరూ పడుకున్నాక, అలంకారాలేమీ లేకుండా, "ప్రభువా, మాత్రలు ఆపాను, నా కొడుకు పడ్డాడు, నన్ను క్షమించు" అను. ఒక్కసారి చాలు. మర్నాడు మళ్లీ అదే ఒప్పుకోవాలనిపిస్తే, నిన్ననే ఒప్పుకున్నానని నీకు నువ్వే చెప్పుకో.

మీ అత్తమ్మ మాట. మల్లన్న కోపం అందని నొచ్చుకున్నావు, సరే. నీ ఉత్తరంలో ఉన్న మనుషులందరిలో యేసు చెప్పిన సమరయుడి పని చేసింది ఎవరో చూసుకున్నావా? దారిలో పడ్డవాణ్ని ఎత్తుకున్నది ఆమే. వాక్యం తెలిసినవాళ్లు అవతలి పక్కన వెళ్లిపోయారు. క్రీస్తులా అని రాశావు కదా, నీ ఇంట్లోనే ఆ పని ఒకరు చేసి చూపించారు, ఆయనను నమ్మకుండానే. ఆమె నమ్మకం గురించి వాదించడం ఆపి, ఒకపూట "అత్తమ్మా, ఆ రోజు నువ్వు లేకుంటే" అని మొదలుపెట్టి చూడు. మిగతా వాక్యం నీకు రాకపోయినా ఫర్వాలేదు.

ఇక అక్క. క్షమించడం అంటే ఏమీ జరగనట్టు ఉండటం అని మనకు ఎవరో నేర్పారు. యేసు సిలువ మీద "వీరేమి చేయుచున్నారో వీరెరుగరు" అని క్షమించాడు, నిజమే. ముందు రాత్రి ఒక బంట్రౌతు చెంప మీద కొడితే మాత్రం ఊరుకోలేదు. నేను కాని మాట ఆడితే అదేదో చెప్పు, మంచి మాట ఆడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. అడగటం కోపం కాదు. ఆయన మాదిరి అంటే ఆ రెండూ కలిపి.

నువ్వు అక్క ఇంటికి ఒక్కదానివే పో. మత్తయి 18లో ముందు ఒంటరిగా పొమ్మనే ఉంది. ఇప్పుడే కాదు, ఒళ్లు మండటం కొంచెం తగ్గాక. కుట్లు పడ్డ సంగతి, ఆటో సంగతి, బాబు అడిగిన ప్రశ్న, అన్నీ జరిగింది జరిగినట్టు చెప్పు. "నువ్వు చెప్పిన మాట మీద చేశాను, చేసింది నేనే" అను. ఇంకో తల్లికి ఆ మాట చెప్పొద్దని అడుగు. ఆమె ఏడిస్తే ఏడవనియ్యి. ఎదురు తిరిగితే లేచి వచ్చేయ్. తర్వాత మీ పాస్టర్ గారితో మాట్లాడు. ఇందులో నీ సొంత కోపం తీర్చుకోవడం ఏమీ లేదు. మీ సంఘంలో ఫిట్స్ మాత్రలో షుగర్ మాత్రలో బీపీ మాత్రలో వేసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎవరు ఈ వారం మానేయబోతున్నారో మనకు తెలియదు. వాళ్ల కోసం.

మొదటి సాక్ష్యం గురించి సిగ్గుపడి గుడికి పోవడం లేదని నాకు అర్థమైంది, నువ్వు రాయకపోయినా. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు మళ్లీ నిలబడాలా అని భయం. నిలబడి తీరాలని నేను అనను. నిలబడితే మాత్రం ఆ రెండో సాక్ష్యానికి చప్పట్లు రావు, అది ముందే తెలుసుకుని పో. సిలువ మోయడానికి యేసుకు కూడా కురేనీయుడైన సీమోను భుజం కావాల్సి వచ్చింది. ఎవరైనా ఒకరిని పక్కన నిలబెట్టుకో. అంతకంటే ముందు బాబును అడుగు. రోగం వాడిది, వాడి పేరు నలుగురిలో ఎత్తాలా వద్దా వాడే చెప్పాలి. మొదటిసారి అడిగావో లేదో నాకు తెలియదు, అడగలేదనే అనుకుంటున్నాను.

చివరకు వాడి ప్రశ్న. నేను సరిగ్గా నమ్మలేదా అన్న పిల్లవాడికి పెద్ద జవాబు చెప్పకు. "నువ్వు నమ్మకపోవడం కాదురా, అమ్మ పొరపాటు చేసింది. మాత్ర ఆపాలనుకున్నది నేను" అని వాడి కళ్లలోకి చూసి చెప్పు. పిల్లలు తల్లి తప్పును మోయగలరు గానీ తమది కాని పాపాన్ని మోయలేరు. యోహాను 20లో లేచిన ప్రభువు తోమాకు చేతులు చూపిస్తే, ఆ చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. మరణాన్ని గెలిచినవాడు మచ్చలు తుడిపేసుకోలేదు. అద్దంలో కనుబొమ్మ చూసుకుని వాడు బాధపడే వయసే, అప్పుడు ఈ సంగతి చెప్పు.

రాత్రి మాత్ర నువ్వు వాడి నోట్లో పెట్టకు. వాడి అరచేతిలో పెట్టి, నీకు తోచిన ప్రార్థన చేసుకుని వేసుకోమను. అరగంట చేసినా, "స్తోత్రం" అని ఒక్క మాటే అన్నా, ఏమీ అనకుండా మింగినా పక్కన కూర్చో. ఏమన్నాడో, వాడికి ఇష్టమైతేనే, నాకు రాయి.